ఉప్పు చిప్ప

ఓడలరేవు సరుగుడు తోటలో
పోలయ్య మావ పాక చూరుకి
ఉప్పు పోసిన కొబ్బరిచిప్ప ఒకటి వేలాడుతుంటుంది.
కూరలోకి కాదు.

పొద్దున్నే వేళ్లు ముంచి చూస్తాడు.
చేతికి అంటుకుంటే
"పర్లేదు, పొయ్యెలిగించండి" అంటాడు.
ఇవాళ ఉప్పు ఇసకలా జారింది.

పదకొండయినా సముద్రం గాలి దిగలేదు.
పడమర నుంచి వస్తోంది గాలి,
కోసేసిన దాళ్వా చేల మీదుగా,
కట్టేసిన కాలవల మీదుగా,
ఎక్కడా నీళ్లు తాగకుండా.
కాళ్లకింద ఎండిన సరుగుడాకు
జానెడు మందాన,
పిల్లి నడిచినా చప్పుడు.

నా ఫోన్లోనూ అదే ఉంది:
గాలిలో తేమ పదిహేడు శాతం.
చూపిస్తే నవ్వాడు.
"అంత లెక్క నాకు తెలీదు గానీ
ఆరేసిన తువ్వాలు
చుట్ట చుట్టేలోపు అట్టకట్టింది."

ఆ చుట్ట ముట్టించలేదు.
చెవి మీద పెట్టుకుని గట్టు గట్టూ తిరిగాడు.
తేనెపట్టుకి పొగ పెట్టబోతున్న కుర్రాళ్ల దగ్గర
అగ్గిపెట్టె లాక్కున్నాడు.
చేలో దుబ్బులు తగలెడదామని వచ్చిన గణపతికి
దణ్ణం పెట్టాడు,
నిజంగానే, రెండు చేతులూ ఎత్తి.
మూడేళ్ల కిందటి సంగతి ఎవరూ ఎత్తలేదు.
తోట ఆ చివర నల్ల మోళ్లు
ఇంకా నిలబడే ఉన్నాయి.

మధ్యాహ్నం చద్దన్నం తిన్నాం,
ఉల్లిపాయతో,
వేరే లేక ఆ చిప్పలోంచే చిటికెడు ఉప్పుతో.

రాత్రి తొమ్మిదింటికి
సరుగుడు తలలు ఊరివైపు వాలాయి.
పాకలోకి చేపల వాసన వచ్చింది.
వీరాయమ్మత్త చీకట్లోనే చిప్ప తడిమి,
వేళ్లు చీరకి తుడుచుకుని
పొయ్యి దగ్గర కూర్చుంది.

మావ అప్పటికే నిద్రపోయాడు.
చెవి మీద చుట్ట
కొంచెం పక్కకి ఒరిగింది.