నవంబరు సంతకం

ప్రతి నవంబరుల నాయిన బతికున్నట్టు
దేవరకద్ర బ్యాంకుల సంతకం పెట్టాలె.
నున్నగ గడ్డం గీసుకొని,
చెంబుల నిప్పులేసి అంగీ తనే ఇస్త్రీ చేసుకొని
బస్సుకన్న గంట ముందే రోడ్డు మీద నిలబడేటోడు
కుర్మయ్య, మద్రాస్ సాపర్.
ఏలిముద్రల మిషను ఆయన్ని గుర్తుపట్టకపోయేది.
బొటనవేలు, చూపుడువేలు, మళ్ళ బొటనవేలు.
గీతలన్ని మట్టిల కలిసినయి తాతా అని నవ్వేది క్లర్కు పిల్ల.
"ఏ మట్టిలనో నాకెరికే బిడ్డా"
అంతకు మించి అనకపోయేటోడు.

ఊరంత గుంపుమేస్త్రీ ఎంబడి
కాల్వలు తవ్వ లారీ ఎక్కిన ఏడు
ఆయనొక్కడు రైలెక్కి బెంగుళూరు పోయిండట.
ఆడ గూడ ముందుగాల గడ్డపారే ఇచ్చిండ్రు.
పాలమూరోనికి ఇంకేమిస్తరు?
డెబ్బయొకటిల, పడమటి సరిహద్దుల,
గోధుమ చేన్ల, పండ్లు కొట్టుకునే చలిల
బోర్ల పండుకొని, జానెడు జానెడు జరుగుకుంట
ఇనుప చువ్వతోటి నేలను అడుగుడు:
ఉన్నవా, లేవా.

ఇదంత నాకు కథగ చెప్పలే.
పల్లికాయ ఏరనీకె పోతే చూసిన.
మోకాళ్ళ మీద కూసొని కొడవలి మొనను
వాలుగ, పక్క నుంచి, మెల్లగ దించుతడు.
ఎన్నడు నిట్టనిలువున పొడవడు.
గట్టు మీద ముందు తను, ఎనుక అమ్మ,
ఆమెనుక తమ్ముడు, చివరకు నేను.
"నా అడుగుల్నే అడుగెయ్యాలె."
ఆ పెద్ద అంగలకు కాళ్ళందక
ఆటనుకొని ఎగిరెగిరి దూకేటోళ్ళం.
ఒకపారి తమ్ముడు గట్టు దిగి పక్కకు ఉరికితే
చెంప మీద ఒక్కటిచ్చి, ఎత్తుకొని
చీకటయ్యేదాక కిందికి దించలే.

అమ్మకు ఆయనతోటి ఒక్కటే పంచాది.
నెలకు ఇరవై రూపాయల మనియార్డరు
సేలం దిక్కు ఏదో ఊరికి, ఒక ఆడమనిషి పేరు మీద.
ఇంట్ల జొన్నలు లేని నెల గూడ పోయేది.
"ఎవతది?" అని చెన్నమ్మ బాయికాడ ఏడ్చింది.
పన్నెండేండ్లకు ఆ ఫారం తిరిగొచ్చింది,
మీద అరవంల ఏదో రాసి.
ఆ దినం తానం చేసి, అన్నం ముట్టకుండ పండుకున్నడు.
నడిరాత్రి అమ్మకు చెప్పిండు:
వాళ్ళమ్మ. సెల్వరాజని ఒకడుండె,
నా ఎడమ పక్క వరుస.
గంతే.

నా పేరు సెల్వి.
నాయిన సెలవుల ఉన్నప్పుడు పుట్టిందని
ఊరోళ్ళు సెలవమ్మ చేసిండ్రు.
బడిల పంతులు గూడ అట్లనే రాసిండు.
నాయిన దిద్దలే.

బ్యాంకు పని అయినంక కురుమూర్తి జాతర.
ఉద్దాలు వస్తుంటే, నెత్తికి తాకితే చాలని
జనమంత ఎగబడుతరు.
నాయిన దూరంల నిలబడి చేతులు కట్టుకొని,
"దేవుని కాళ్ళు గూడ ఎవరన్న ఒకరు కాయాలె గద"
అని మాకు బత్తీసలు కొనేటోడు.

ఈ నవంబరు అమ్మను నేను తీస్కపోయిన.
చనిపోయిన కాయితం, రెండు ఫోటోలు, పాసుబుక్కు.
అదే పిల్ల. "తాత రాలేదా" అన్నది,
కాయితం చూసి నాలుక కరుచుకుంది.
అమ్మ ఏలు పెట్టింది. పట్టలే.
ఇంకో ఏలు. పట్టలే.
కొంగుతోటి తుడుచుకుంట నా దిక్కు తిరిగి
"ఆయనెనుకనే నడిస్తిని గదనే,
నాయి గూడ ఆడ్నే పోయినట్టున్నయి" అన్నది.

బస్సు దిగినంక గట్టు తొవ్వ.
అమ్మ ముందు, నేనెనుక.
ఆమెవి చిన్న అంగలు.
ఆగి ఆగి ఏసిన.