అరువు టైల సొరుగు

ఆరో అంతస్తు భోజనశాల గుమ్మం దగ్గర
నేను నిలబడే బల్లకి ఒక సొరుగుంది.
అందులో పదకొండు టైలు, మూడు నల్లకోట్లు,
ఎవరో మరిచిపోయిన ఒంటి చేతిబొత్తం.
బోడిమెడతో వచ్చినవాళ్లకి
వాటిని అరువిస్తాను, నవ్వుతూ.
నవ్వు కూడా యూనిఫాంలో భాగమే.
దానికి మాత్రం ఇస్త్రీ నేనే చేసుకోవాలి.

గ్రీనాక్ రేవు విడిచిన రెండో రోజు, నార్వే దారిలో,
‘ఈ రాత్రి ఫార్మల్’ అన్న కాగితం
పొద్దున్నే ప్రతి గది తలుపు కిందా దూరింది.
సాయంత్రానికి మెట్లన్నీ తళుకులు.
బో టైలు బిగించిన కుర్రాళ్లు
కొత్తగా గంట కట్టిన దూడల్లా మెడలు విదిలిస్తున్నారు.

ఏడుంపావుకి వచ్చారు వాళ్లు, తొమ్మిదిమంది.
ముందు మోరాగ్, ఆకుపచ్చ పట్టుగౌనులో.
ఆమె భర్త గ్రేమ్, కిల్టు, మేజోడులో చిన్నకత్తి.
పిల్లలు, పిల్లల వెనక అత్తలు, అత్తల వెనక అత్తరు.
చిట్టచివర, కమ్మీ పట్టుకోకుండా,
ఓడ ఊగినప్పుడు తానూ ఊగుతూ
ముసలాయన మర్డో.
గొంతు దాకా ముదురునీలం ఉన్ని స్వెటర్.
మోచేతుల దగ్గర మాత్రం ఇంకో నీలం.

‘అయ్యా, ఈ ఒక్క రాత్రికి...’ అంటూ సొరుగు లాగాను.
ఆయన వంగి చూశాడు,
బేరానికి ముందు చేప మొప్పలు ఎత్తి చూసినట్టు.
‘వీటిల్లో ఏదైనా ఎప్పుడైనా తడిసిందా?’
సూపులో తడిశాయండీ, అన్నాను.

ఆయన నవ్వలేదు. ఛాతీ మీద అల్లిక చూపించాడు:
నిచ్చెన, లంగరు, ఒక వంకర అల.
‘పెగీ అల్లింది, మా పెళ్లికి ముందు శీతాకాలం.
ప్రతి రేవుకీ ఒక అల్లిక ఉండేది మాలో.
మొహం లేకుండా ఒడ్డుకొచ్చినవాణ్ణి
కుట్లు చూసి ఏ ఇంటివాడో చెప్పేవాళ్లట.
ఇదీ డ్రెస్ కోడే నాయనా.’

ఏం చెప్పను? నా నెత్తిన కెమెరా ఉంది.
‘తొమ్మిదో అంతస్తులో బఫే ఉందండీ,
స్వెటరైనా, రబ్బరు చెప్పులైనా సరే.
కొలను పక్కన పిజ్జా అర్ధరాత్రి దాకా.’
‘నాన్నా, ఒక్క గంట. ఫొటో కూడా ఉంది’
అంది మోరాగ్, పళ్ల మధ్య నించి.
‘దిగండి’ అని ఆయన లిఫ్టు వైపు తిరిగాడు.
చిన్నపిల్ల ఐలా మాత్రం
గౌను పైకెత్తిపట్టుకుని వెనకే పరిగెత్తింది.

తొమ్మిదిన్నరకి నాకు పావుగంట సెలవు.
పైన గాలి, వేపుడు నూనె వాసన,
దూరంగా ఒక దీపం, లంకో పడవో.
తాతా మనవరాలూ వేళ్లతో చేపా చిప్సూ తింటున్నారు.
బిడ్డ తలరిబ్బను కెచప్ సీసా మెడకి కట్టింది.
కాసేపటికి మోరాగ్ వచ్చింది,
మడమల చెప్పులు చేతిలో, భుజాలు వణుకుతూ.
ఎవరూ ఎవరికీ సారీ చెప్పలేదు.
ఆయన స్వెటర్ తలమీదుగా లాగి ఆమెకి తొడిగాడు.

అప్పుడు చూశాను.
లోపల తెల్లచొక్కా, గంజి పెట్టింది.
టై, ముడి తిన్నగా ఉంది.
నన్ను చూసి కన్నుగీటాడు ముసలాయన:
‘పైది తియ్యమని నువ్వడగలేదుగా.’

సిబ్బంది మెస్సులో కోటు విప్పి
అన్నం, ఎండుచేప, చేత్తోనే తిన్నాను.
కాళ్లకి స్లిప్పర్లు, ఎవరూ అడగరు.
జేబు మీద రేకు: రోడెలియో, ఫిలిప్పీన్స్.
ఊరు ఇలోయిలో అని లేదు, వీధి లేదు.
బనీను తిరగేసి చూశాను,
ఫ్యాక్టరీ కుట్టు, ఎవరిదైనా కావచ్చు.

రేపటి కాగితాలు వచ్చేశాయి: ‘స్మార్ట్ క్యాజువల్’.
టైలు లెక్కపెట్టి, సొరుగుకి తాళం వేశాను.
పదకొండూ ఉన్నాయి.