చలి లెక్క

డిసెంబరు ఆఖరి వారం. చింతలవలస దాటాక
కొండ కింద ఫైరింగ్ రేంజి.
ఐదున్నరకే ట్రక్కు మమ్మల్ని దింపేసి పోయింది.
పదకొండు మంది ఆడపిల్లలం,
ఒకే ఒక్క జత ఊలు చేతితొడుగులు,
వంతులవారీగా.

మంచులో టార్గెట్ బోర్డు కనబడదు.
జీడితోటలోంచి ఎవరిదో దగ్గు.
ముందు దగ్గు వచ్చింది, వెనకాల మనిషి.
గొర్లె పైడయ్య, రిటైరైన హవల్దారు, రేంజి కాపలా.
చెవులకి మఫ్లరు, కాళ్ళకి హవాయి చెప్పులు.

నా మొదటి ఐదు గుళ్ళూ
నడిచుక్కకి బియ్యం గింజంత కింద,
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ.
"చెయ్యి వణికింది తాతా."
"చెయ్యి వణికితే చెదురుతాయి గుంటా.
ఇయి చెదర్నేదు. కూడబలుక్కుని దిగినాయి.
నీ తప్పు కాదు. మందు ఇంకా నిద్దర లెగనేదు."

తూటా ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు.
ఇత్తడి. తెల్లారగట్ల నూతి గిలకంత చల్లన.

"సలికాలం పొయ్యి సూణ్ణేదేటి?
పిడక అంటుకుంటాది గానీ ఎగదు.
ఇదీ అంతే. మందు నెమ్మదిగా కాల్తాది,
తోపు తగ్గుతాది,
గుండు బద్ధకంగా బయల్దేరతాది.
బయటేమో గాలి సిక్కన, గడ్డపెరుగు.
దాన్ని సీల్చుకుని ఎల్లాల.
దూరం ఎల్లేకొద్దీ కిందకే."

నోటుబుక్కులో రాయించాడు:
తేదీ. పద్నాలుగు డిగ్రీలు. గింజంత కింద.
"యాభై మీటర్లు గనక గింజ," అన్నాడు,
ఇంకేదో అనబోయి
బీడీ ముట్టించుకున్నాడు.

ఎండెక్కాక, టీ తాగుతుంటే, ఎవరూ అడక్కుండానే
ఆ మిగతాది చెప్పాడు.

ఎక్కడో పైన, పేరు చెప్పలేదు.
జూన్‌లో సైటు కట్టిన రైఫిలు, జనవరి పొద్దు.
సున్నాకి పద్దెనిమిది కింద.
ఎత్తులో గాలి పల్చన, గుండు పైకి పోతుందని ఒక లెక్క.
మందు బిగుసుకుంది, కిందకి పోతుందని ఇంకో లెక్క.
బోల్టులో నూనె జిగటెక్కింది, దానికి లెక్కే లేదు.
అన్నీ కలిపి ఒకటి చేసేలోపు
వేళ్ళు తనవి కాకుండా పోయాయట.

ఆరొందల గజాల అవతల
ఒక మనిషి బాల్చీలోకి మంచు ఎత్తుకుంటున్నాడు,
కాచుకోడానికి కాబోలు.

గుండు అతని బూటు ముందు దిగింది.
అతను పారిపోలేదు. వంగి చూశాడట,
పావలా జారవిడుచుకున్నవాడిలా.

"రెండోది?" అంది దన్నాన సరోజిని.
దానికి ఎప్పుడూ తొందరే.

బనీనుకీ ఒంటికీ మధ్య, గుడ్డ సంచీలో,
ఐదు తూటాలు దాచుకునేవాడు రాత్రీ పగలూ.
ఒంటి వేడి తాగిన తూటాలు.
"ఆటికి సలి తెల్దు," అన్నాడు. "అయి తప్పవు."
అని, గ్లాసులు కడగడానికి లేచాడు.

గ్లాసులు మా పని. ఆ రోజు ఆయనే కడిగాడు,
ఆరు గ్లాసులకి అరగంట.
అటు తిరిగే చెప్పాడు,
రిపోర్టులో చలి వల్ల అని రాశారని.
అది నిజమే,
మొదటి గుండు వరకు.

మర్నాడు పోటీ. నా వంతుకి ముందు
చొక్కా జేబులోంచి ఐదు తీసి ఇచ్చాడు,
బీడీకట్ట వాసనతో,
కోడి లేచిన గంపలో గుడ్లలా వెచ్చన.
నాలుగు నడిచుక్కలో పడ్డాయి. ఐదోది ఎందుకో
చాలాసేపు పట్టుకుని ఉండిపోయాను.
మూడో స్థానం.

ఇప్పుడు నేను నేర్పుతున్నాను, అదే రేంజిలో.
జీడితోట సగం కొట్టేశారు.
పిల్లలు ఫోన్లో డిగ్రీలు చూసి రాసుకుంటారు.
మొన్న గజపతినగరం పిల్ల ఒకతి అడిగింది,
సంచీలో ఐదూ ఏమయ్యాయి మేడమ్ అని.

మిలట్రీలో ప్రతి తూటాకీ లెక్కుంటుందమ్మా.
కొండ దిగాక అప్పజెప్పే ఉంటాడు,
ఐదుకి ఐదు,
ఇంకా వెచ్చగా ఉన్నవి.