నలభై ఎనిమిదో వరస

మంగళవారం సాయంత్రం, క్లాక్స్‌విక్.
చేపలకు ఉప్పు పట్టించే పాత షెడ్డు పైన
మా గది.
ఉప్పు మానేసి ఇరవై ఏళ్లయినా
మెట్లకింకా ఆ వాసన పోలేదు.
కిటికీ అవతల గాలి,
గాలి అవతల సముద్రం,
మధ్యలో ఎక్కడో తడుస్తూ గొర్రెలు.

మా దీవుల్లో ఎవరూ రేపటికి మాటివ్వరు.
పడవ వస్తుందా? బహుశా.
డిస్కు బతుకుతుందా?
బహుశా.

బైంతా దాన్ని ఊలు టోపీలో చుట్టి తెచ్చింది,
గూట్లోంచి జారిన పిట్టపిల్లను తెచ్చినట్టు.
తుమ్మస్ చెవి దగ్గర పెట్టుకున్నాడు,
ముప్ఫై ఏళ్లు ట్రాలరు మీద
రేడియో విన్న చెవి అది.
టిక్. టిక్.
కాసేపాగి, టిక్.
"ఊరికే తిప్పి చూడకండి దీన్ని,
ఇంకెన్ని తిరుగుళ్లు మిగిలాయో తెలీదు."
ఫ్రీజర్‌లో పెడదామన్నాడు బ్రాందుర్, పదిహేడేళ్లవాడు.
"చేపనుకున్నావా?"
అందరం నవ్వాం.
నాకూ అదే తోచింది,
బయటికి అనలేదు, అంతే.

పగిలిన చోట మొండికేయకూడదు.
దాటెయ్యాలి.
బాగున్నదంతా ముందు ఏరుకుని
తర్వాత తీరిగ్గా వెనక్కి రావాలి,
ఈసారి చివర్నుంచి మొదటికి,
చీకట్లో నిద్రపోతున్నవాళ్లను
తొక్కకుండా నడిచినట్టు.

ఈలోగా ఇంకో తలనొప్పి.
ఏరినదాన్ని దాచాల్సిన పెద్ద పెట్టె
అదే బల్ల మీద, జానెడు దూరంలో,
అదే స్విచ్చుకి, అదే రకం తీగతో,
ఎడమొహం పెడమొహంగా.
వాటా తెగని దాయాదుల్లా
ఒకదాని పేరు రెండోదానికి గిట్టదు.
ఒకటి పాత భాష మాట్లాడుతుంది,
భద్రత పేరు చెప్పి
రెండోది ఆ భాష ఎప్పుడో మానేసింది.
భాష కుదిర్చాం.
పేరు కనిపించింది. నొక్కాం.
"అనుమతి లేదు" అంది తెర.
ఎవరి అనుమతో చెప్పదు,
ఆఫీసు గుమాస్తాలాగే.
పాస్‌వర్డ్ మార్చాం, మళ్లీ పాతదే పెట్టాం,
తుమ్మస్ డేనిష్‌లో ఒక బూతు తిట్టాడు,
రెండుసార్లు కాఫీ అయింది.
చివరికి చూస్తే ఏముంది,
వీధి తలుపు బార్లా తీసి పెట్టి
లోపలి గది తాళం మరిచాం.
ఫోల్డరును పంచుకోమన్నామే గానీ
అందులో రాయనిమ్మని చెప్పలేదు.

ఈ మూడు గంటలూ బైంతా
చేతులవైపు చూడకుండా అల్లుతూనే ఉంది.

అరవై రెండు నమూనాలు,
వాళ్లమ్మ గళ్ల కాగితం మీద
పెన్సిలుతో చుక్కలు పెట్టుకున్నవి.
అరవై ఒకటి తెరుచుకున్నాయి.
గుడ్డికన్నా మెల్ల నయం అనుకుంటూ
ఆఖరిది తెరిస్తే
నలభై ఏడో వరస దాకా నక్షత్రాలు,
ఆ కింద అంతా బూడిద.

ఎవరం ఏమీ అనలేదు.
ఆమే కళ్లజోడు తీసి తుడుచుకుని
తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టింది.
నాలుగు తెలుపు, రెండు నలుపు, ఒకటి తెలుపు...
కరెంటు బిల్లు తిరగేసి
నలభై ఎనిమిదో వరస వేసింది.
తొమ్మిదోది. యాభయ్యోది.
"అంచుకొచ్చేసరికి ఏమీ మిగలకూడదు.
మిగిలితే ఎక్కడో తప్పేశానన్నమాట."

తుమ్మస్ కప్పు కింద పెట్టాడు.
"మేమూ అదే చేస్తాం, దీన్ని చెక్‌సమ్ అంటాం."
"మరి మీ డిస్కు లెక్క చూసుకోలేదా?"
"చూసుకుంది.
తప్పని తెలుసుకుంది.
ఒప్పేదో మరిచిపోయింది."
"అయ్యో," అంది బైంతా
డిస్కు వైపు చూసి.

బిల్లును బ్రాందుర్ ఫోటో తీసి
ఆ ఫోల్డరులోనే పెట్టాడు.
పేరు: నలభై ఎనిమిది నుంచి, బైంతా చేత్తో.
వెనకవైపు ఆమె కట్టాల్సిన బాకీ
కాగితంలోంచి పలచగా కనిపిస్తోంది.

చచ్చిన డిస్కు పారేస్తానంటే
ఇమ్మని అడిగి తీసుకుంది.
బరువుంటుందట,
గంపలో పెడితే
ఊలు ఉండ దొర్లిపోదట.