గంటకి ఎన్ని

త్రియెస్తేలో ఈదురుగాలి తలుపులు తన్నే ఫిబ్రవరి.
మా సహకార లాండ్రీలో
ఆవిరి పట్టిన కళ్లజోడు తుడుచుకుంటూ
జిల్లా ఆఫీసు ఫుర్లాన్ అడిగాడు:
గంటకి ఎన్ని దుప్పట్లు?

ఎజీదియో మడిచేది పదకొండు.
రేవు పక్క కంపెనీలో నలభై.
దాచలేదు. పద్దు రాసేది నేనే.

తర్వాతి గడి, హాజరు.
మొదటి ఏడు వారానికొక్క పూట వచ్చేవాడు,
అదీ గోడవైపు తిరిగి కూర్చోడానికి.
ఇప్పుడు నాకంటే ముందొచ్చి
తాళం ఆలస్యమైందని తిడతాడు.
తిట్లకి గడి లేదు.

ఫుర్లాన్ ఏదో కొట్టేసి మళ్లీ రాస్తుంటే
ఎజీదియో వచ్చి
తడి ఆరని దుప్పటి కొసలు రెండూ
అతని చేతుల్లో పెట్టాడు.
"గట్టిగా లాగు. అలా కాదు."

కాగితాలు కిందపడ్డాయి.

ఆ గంటకి తొమ్మిదే తేలాయి.
తొమ్మిదనే రాశాను.