నిమ్మళం

ఆదోని పత్తి మార్కెట్టు, పదకొండున్నర.
కాటా మీద కౌతాళం లింగమ్మ బోరెం.
ముప్పై ఎనిమిది పాయింట్ రెండు.
మారెప్ప వైరు పట్టుకుంటే
ముప్పై ఏడు పాయింట్ ఆరు.
వదిలితే మళ్ళీ పైకి,
ఏ అంకె మీదా కాలు నిలవదు.

"కాటాకు దయ్యం పట్టె" అన్నాడు హమాలీ.
"కాటాకు కాదులే, షావుకారుకు" అంది లింగమ్మ,
నవ్వకుండా.

స్కూటర్ మీద ఒళ్ళో పెట్టుకొచ్చిన ఆసిలోస్కోపు
వేడెక్కడానికే ఐదు నిమిషాలు.
సన్నంగా ఉండాల్సిన పచ్చగీత
గొంగళిపురుగులా బొచ్చెక్కి ఉంది.
టైము గుండీ తిప్పుతూ పోతే విడిపోయింది:
అలలు. సెకనుకు ఏడు లక్షలు.
ఎవరూ అడక్కుండానే
ఎనిమిది కాళ్ళ నల్లబిళ్ళ
పట్టపగలు వణుకుతోంది.

కాలి మీద వేలు పెట్టాను. ఊరుకుంది.
తీశాను. మొదలు.
జ్వరం చూసే చెయ్యే మందైతే
డాక్టరు ఇంటికి పోయేదెట్లా?

గెయిన్ తగ్గించి చూశాను,
అదిమిన కొద్దీ ఎక్కువ వణికింది.
అప్పుడు అడిగాను, ఈమధ్య ఏం మార్చారని.
డిస్‌ప్లే మీద ఎండ పడుతోందని
రేకుల నీడకు జరిపాడంట మారెప్ప.
కొత్తగా నలభై అడుగుల కేబులు.
"వైరే కదమ్మా, ఏం చేస్తాది?"

మా ఉల్లిమడికి మోటారు కాడి నుంచి
కాలువ రెండు ఫర్లాంగులు.
మడి నిండగానే "కట్టెయ్" అని నాయన కేక.
అన్న కట్టేసేవాడు.
అప్పటికే బయల్దేరిన నీళ్ళు ఆగవు గదా,
గట్టు తెగేది.
భయపడి తర్వాతి మడికి ముందే అరిస్తే
కొసన నారు ఎండేది.
ఇద్దరిలో ఎవరూ మాట వినకపోలేదు.
విన్న మాట పాతది, అంతే.

ఆప్‌యాంపూ మాట వినేదే.
తన మాటలో కొంత వెనక్కి తెచ్చుకుని
ఎక్కువైతే తగ్గుతుంది, తక్కువైతే పెరుగుతుంది.
కేబులును నింపుకుంటూ కబురు కదిలితే
తగ్గమన్నది తగ్గాక చేరుతుంది,
పెరగమన్నది పెరిగాక.

వంద ఓముల రెసిస్టరు
అవుట్‌పుట్ కాలికీ కేబులుకూ నడుమ, గడపలా.
పెసరబద్దంత కెపాసిటరు,
నలభై ఏడు పికోఫారడ్లు,
అవుట్‌పుట్ నుంచి తిన్నగా మైనస్ కాలికి.
కేబులు తడిసేదాకా ఆగకుండా
కబురు ముందే అందిస్తుంది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు
కాలువ సగంలో తుమ్మచెట్టు కింద నిలబెట్టాడు నాయన.
నీళ్ళు పాదాలు తాకగానే కేకెయ్యాల.
ఆ యేడు గట్టు తెగలేదు.
నా కూలి బెల్లం ముక్క, రోజూ.
ఈ బిళ్ళకు అదీ లేదు.

సోల్డరు పొగ పోయింది.
గీత నూలుపోగంత సన్నబడింది.
మారెప్ప కేబులు పట్టుకుని, పిసికి, ఊపి చూశాడు.
ముప్పై ఏడు పాయింట్ తొమ్మిది.
ఊపినా అదే.

"ఇంతసేపూ ముప్పై ఎనిమిది దాటె గదా?"
"దాటింది."
"మరి నా మూడొందల గ్రాములు యాటికి పోయె?"
"అవి వణుకులో ఉండెనమ్మా."

లింగమ్మ నన్ను చూసింది, అంకెను చూసింది.
తానే వెళ్ళి కేబులు గట్టిగా పట్టుకుంది,
గొడ్డు తాడు పట్టుకున్నట్టు.
చాలాసేపు.

"నిమ్మళంగానే ఉండాది" అంది.
"ఇప్పుడు రాయి."