పాదం కింది పీలిక

మానిటోబాలో మంచు ఇంకా కరగలేదు.
అక్క పోయి ఆరు వారాలు.
చర్చి నేలమాళిగలో ఆమె మిషను ముందు కూర్చున్నాను.

ఆగనెతా చెప్పేది:
త్రికోణాన్ని మొన వైపు నుంచి పెట్టకు,
మిషను మింగేస్తుంది.
వెడల్పు వైపు నుంచి పంపు. లాగకు.
ఏటవాలు కోత మెతకది,
ఎవరు లాగితే అటు సాగిపోతుంది,
తర్వాత తన కొలతకు తాను రాదు.

ఒక జత, దాని వెనకే ఇంకో జత.
మధ్యలో దారం తెంపేది లేదు.
ముక్కకీ ముక్కకీ నడుమ రెండు మూడు ఉత్త కుట్లు,
గాలిని కుట్టినట్టు.
ఎవరిదో పని చొక్కా, డాక్టరమ్మ కర్టెను,
పెళ్లినాటి నీలం
మిషను వెనక దిగుతాయి,
తీగ వదలకుండా ఎగిరే పిట్టల్లా.
ఈ బొంత ఎవరి భుజాల మీదికో
మాకు చెప్పరు. మేం అడగం.

ఇవాళ మొదలుపెట్టబోతూ చూశాను:
పాదం కింద బొటనవేలంత గుడ్డపీలిక,
సూది అందులో దిగే ఉంది.
ప్రతి వరసకీ ముందు దీన్నే కుట్టేది,
చివరా దీన్నే.
మిషను తొలికాటు, చిక్కుముడి, అన్నీ దీనికే.
ఏ బొంతలోనూ ఇది లేదు.
పదకొండేళ్ల దారం పేరుకుని అట్టలా బిగిసింది,
అసలు రంగు ఎంత వెతికినా దొరకదు.

"పారెయ్, కొత్తది పెట్టుకో," అంది యుస్టీనా.

కత్తెర తీశాను.
నా కాలే ముందు పెడల్ నొక్కింది.
ఆ గట్టిదనంలోంచి సూది మూలుగుతూ లేచి
మొదటి త్రికోణం మీదికి
మెత్తగా దిగింది.